మరిడమ్మ చేతుల్లో మేస్త్రి

అది కాదమ్మా బుల్లీ, రొయ్య తల తీసేది కత్తితో కాదు, బొటనవేలి గోటితో. అలాగే రాయి. గోరు మెడ కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కితే తల ఊడొచ్చేస్తది. అందుకే కంపెనీ ఇచ్చిన గ్లౌజులకి ఆడోళ్ళందరూ బొటనవేలు కాడ కోసేసుకునేవోరు. ఆ కంతలోంచి ఐసు నీళ్ళూ, క్లోరిన్ నీళ్ళూ లోపలికి పోయి, పొద్దల్లా చెయ్యి అందులోనే నానిపోయేది. అసలు గ్లౌజు లేకపోయినా కాస్త ఆరేది. రాశావా? నిదానంగా రాయి, తొందరేం లేదు.

సూరాడపేట రొయ్యల షెడ్డులో మీ నాన్న మేనత్త, అదే మా అక్క మరిడమ్మ పని చేసేది. ఆవిడ చేతులు చూస్తే జాలేసేది. వేళ్ళ సందుల్లో పాసిపోయి, అరచేతులు బీటలు తీసి, ఉల్లిపాయ పొట్టులాగ తోలు లేచిపోయేది. కూర కలుపుకుంటే కారం మంట. చెంచాతో తింటంటే పక్కనోళ్ళు "ఓసోసి, దొరసాని అన్నం తింటంది చూడండే" అని నవ్వేవోరు. తనూ నవ్వేది. మంట మాత్రం మంటే కదా.

పేటలో పసిపిల్లలకి నీళ్ళు పోయాలంటే ఒకప్పుడు మరిడమ్మే. పీట మీద కూచుని, కాళ్ళు బారజాపి, పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నువ్వుల నూనె పట్టించిందంటే, ఎంత ఏడుపుగొట్టు పిల్లయినా గుక్క ఆపేసేది. చేతులు పాడైన కాడినించీ ఒక్కొక్క ఇల్లూ పిలవడం మానేసింది. "నీ చెయ్యి గీసుకుంటంది పిన్నీ, ఏవనుకోకు" అనేవోరు. ఏవనుకోలేదు.

కూతురు గంగారత్నం పురిటికొచ్చింది. ఒకనాడు తల్లి చేత తల దువ్వించుకుంటా, వెంట్రుకలు వేళ్ళ బీటల్లో చిక్కుకుని లాగేస్తంటే, "అమ్మా, నీ చేత్తో నా పిల్లకి నీళ్ళు పోశావంటే తోలు ఊడొచ్చేస్తదే. చేపకి పొలుసు తీసినట్టే" అంది వేళాకోళానికి.

"పోవే, నోటికెంతొస్తే అంత" అంది మరిడమ్మ. దువ్వెన అక్కడ పెట్టి పెరట్లోకెళ్ళి చాలాసేపు రాలేదు.

షెడ్డు ఎనకాల కంపెనీ వాళ్ళు చిన్న లేబరేటరీ కట్టేరు. అందులో హైమవతి అని ఒక డాక్టరమ్మ. రోగాలకి మందిచ్చే డాక్టరు కాదు, తోలు గురించి చదువుకున్న డాక్టరు. ఆడోళ్ళ చేతులు ఎందుకలా అవుతున్నాయో, ఏం రాస్తే నిలబడతాయో చూడ్డానికొచ్చింది. గర్వం లేని మనిషి. మరిడమ్మ తనంతట తనే ఎళ్ళి గుమ్మంలో నిలబడి చేతులు రెండూ చాపింది.

"ఏం రాస్తున్నావు పిన్నీ వీటికి?"

"బజార్లో దొరికిందల్లా రాశానమ్మా. రాసిన పూట మెత్తగా ఉంటది. మర్నాడు నీళ్ళలో పెడితే ముందుకన్నా ఎక్కువ మండుతది. నా ఒంటికే పడదేమో."

"నీ ఒంటి తప్పేం కాదు. కూర్చో, చూద్దాం" అంది హైమవతి.

మరిడమ్మ ముంజేతి మీద పెన్నుతో గళ్ళు గీసింది. ఒక్కో గడిలో ఒక్కో క్రీము పూసింది. తన చేతి మీదా అలాగే గీసుకుని పూసుకుంది. కొన్నాళ్ళు అలా రాశాక, అన్ని గళ్ళ మీదా ఘాటు సబ్బు నీళ్ళు అద్ది కట్టు కట్టింది. కట్టు విప్పి చూస్తే కొన్ని గళ్ళు మామూలుగానే ఉన్నాయి. ఒక గడి మాత్రం నిప్పు తగిలినట్టు ఎర్రగా పొంగింది. ఏ క్రీము రాయని గడి కన్నా అదే ఎక్కువ ఎర్రబడింది.

"ఇదేంటమ్మా! మల్లెపూల వాసనొచ్చింది ఈ గడిదే కదా. అన్నిట్లోకీ నాకిదే నచ్చింది" అంది మరిడమ్మ.

"నాకూ నచ్చింది" అని హైమవతి తన చెయ్యి చూపించింది. అక్కడా అదే గడి ఎరుపు. "చర్మం అంటే ఇటిక గోడ అనుకో పిన్నీ. ఇటికల మధ్యన సున్నం బదులు కొవ్వు ఉంటుంది. కొన్ని క్రీములు ఆ కొవ్వుని నిలబెడతాయి. కొన్ని పైకి మెత్తగా చేసి, లోపల ఆ సున్నాన్నే కరిగించేస్తాయి. తలుపు తీసి దొంగని రమ్మన్నట్టే."

ఆవిడ దగ్గర ఇంకొక మిషనుంది, వేలంత గొట్టం. తోలు మీద ఆనిస్తే, లోపలి తడి ఎంత ఆవిరైపోతోందో అంకె చూపిస్తది. మరిడమ్మ అరచేతి మీద పెడితే అంకె పైపైకెళ్ళిపోయింది. "చిల్లుల కుండ" అని నవ్వింది మరిడమ్మ.

అప్పుడు తీసింది హైమవతి తను తయారుచేసిన మందు. పెరుగు మీగడలాగ తెల్లగా ఉంది, వాసనా ఏం లేదు. అది మామూలు క్రీము కాదు బుల్లీ, ప్రాణం ఉన్నది. అందులో కంటికి కనపడని పురుగులు. తోలు మీదే కాపరం పెట్టి, అక్కడి జిడ్డు తిని, అదే జిడ్డుని ఇటికల సందుల్లో సున్నంలాగ పూసుకుంటా పోతాయి. బీట పడితే అవే పూడుస్తాయి. రోజూ రాయక్కర్లేదు.

"అయితే ఇది మేస్త్రి అన్నమాట" అంది మరిడమ్మ. ఆ పేరే ఉండిపోయింది. రాసింది మరిడమ్మ ఒక్కదానికే అయినా, షెడ్డంతా దాన్ని మేస్త్రి మందు అనే అన్నారు.

"మరి దీనికి తిండేటి పెట్టాలమ్మా?"

"నీ చేతిలో ఊరే జిడ్డు చాలు. తిండి కొంచెమే దొరుకుతుంది కాబట్టి కొంచెమే పెరుగుతాయి. ఆకలే వాటికి కళ్ళెం. అందుకే నూనె మాత్రం తగలకూడదు. ఇంట్లో నూనెలో చెయ్యి పెడతావా?"

"వంట గరిటెతోనే కదమ్మా. తలకి మా అమ్మాయి రాస్తది."

ఇద్దరూ నిజమే మాట్లాడుకున్నారు. అప్పటికి పిల్ల పుట్టలేదు. పుట్టని పిల్లకి నీళ్ళు పోయడం గురించి ఎవరికి గుర్తొస్తది? మరిడమ్మకి అది నూనె వాడకం కిందే లెక్కలేదు. అది నీళ్ళు పోయడం, అంతే.

చేతులు బాగుపడ్డాయి. అలా ఇలా కాదు, పెళ్ళినాటి చేతులొచ్చేసినాయి. క్లోరిన్లో పెట్టినా మంట లేదు. బయటికి తీస్తే నీళ్ళు చామాకు మీంచి జారినట్టు జారిపోయేవి. వారం వారం హైమవతి గొట్టం పెట్టి చూసేది. అంకె దిగింది, ఇంకా దిగింది. ఒక వారం మరీ అడుక్కెళ్ళిపోయింది. అంత తక్కువ మనిషి తోలుకి రాదే అని హైమవతి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పింది, తుడిచింది, మళ్ళీ పెట్టింది. మిషను చెడిపోయిందనుకుని రిపేరుకి పంపించేసింది. మరిడమ్మకేమో చెయ్యి పట్టు గుడ్డలాగుంది. ఇంకేం కావాలి?

గంగారత్నానికి ఆడపిల్ల పుట్టింది. మాణిక్యం అని పేరు పెట్టుకున్నారు. పురిటి స్నానం నించీ మరిడమ్మే నీళ్ళు పోసింది. కాళ్ళ మీద పడుకోబెట్టి, దోసెట్లో నువ్వుల నూనె పోసుకుని, మాడు నించి అరికాళ్ళ దాకా పట్టించేది. ముక్కు నిలువుగా సాగదీసేది, చంకలూ మెడ మడతలూ వదిలేది కాదు. ఆఖరి చెంబు పోసి "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అని నీళ్ళు దిగతుడిచేది. పిల్ల మొహం చూసి నవ్వేది. పేటలో ఇంకో రెండిళ్ళ వాళ్ళు కూడా "పిన్నీ, మా పిల్లాడిక్కూడా" అని పిలిచారు. మరిడమ్మ కాళ్ళు భూమ్మీద నిలిచేవి కాదు.

పిల్ల మూడో నెలకి నిగనిగలాడిపోతంది. ఎండలు ముదిరినా ఒక్క చెమటకాయ లేదు. వచ్చినోళ్ళందరూ బుగ్గ పుణికి "ఏం రాస్తన్నావే మరిడీ, ఎన్నపూసలాగుంది" అనేవోరు. "నా చేతి మహిమ" అనేది మరిడమ్మ.

మొదట కాటుక నిలవలేదు.

దిష్టిచుక్క పెడితే బుగ్గ మీద అంటుకోకుండా గిర్రున జారి గడ్డం కిందికొచ్చేసింది. గంగారత్నం తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. అరికాల్లో పెడితే అక్కడా అంతే. "కాటుక మంచిది కాదేమో" అని కొత్త కాటుక పట్టింది. అదీ నిలవలేదు. పౌడరు రాస్తే దుప్పటి మీద రాలిపోయేది. స్నానం చేయించి గుడ్డతో తుడవబోతే, తుడవడానికి ఒంటి మీద తడే లేదు.

"అమ్మా, దీన్ని ముద్దెట్టుకుంటే గిన్నెని ముద్దెట్టుకున్నట్టుందే" అంది గంగారత్నం ఒకనాడు. మరిడమ్మ కసిరింది, పసిపిల్లని అలా అంటారా అని. కానీ అది తనకీ అనిపిస్తానే ఉంది. మెడ మడతలో వేలు పెట్టి చూసింది. అందరు పిల్లలకీ అక్కడ తడిగా, పాలవాసనగా ఉంటది. దీనికి పొడిగా ఉంది.

రోహిణి కార్తెలో ఒక మిట్టమధ్యాన్నం కరెంటు పోయింది. ఉయ్యాల్లో పిల్ల ఏడవట్లేదు. నోరు తెరుచుకుని కుక్కపిల్లలాగ రొప్పుతోంది. ముట్టుకుంటే కాలిపోతోంది. కళ్ళు పైకి తేలేస్తోంది.

"అమ్మా! తడిగుడ్డ, తడిగుడ్డ తే!"

మరిడమ్మ గుడ్డ ముంచి పిల్ల ఒంటి మీద పిండింది. నీళ్ళు ముత్యాల్లాగ గుండ్రంగా విడిపోయి, ఒంటి మీంచి దొర్లిపోయి, చాప మీద పడిపోయినాయి. చుక్క ఆగలేదు. మళ్ళీ పిండింది. మళ్ళీ దొర్లిపోయినాయి. ఆ నీళ్ళే ఆవిడ చేతుల మీంచి కూడా అచ్చం అలాగే దొర్లుతున్నాయి. పిల్ల ఒళ్ళూ, తన చెయ్యీ, పక్కపక్కనే. రెండూ ఒకటే మెరుపు.

మరిడమ్మ గుడ్డ వదిలేసి ఎనక్కి గోడ దాకా జరిగిపోయింది.

"ఏటే అమ్మా, అలా చూస్తావేటి? పట్టుకో!"

"నేను ముట్టుకోనే. ఇది నా చేతుల్లోదే. దాని ఒంటి నిండా పాకించేశాను. ఎత్తుకో, డాక్టరమ్మ కాడికి పద!"

ఆటోలో కూతురు పిల్లతో ఎనక కూచుంది. మరిడమ్మ డ్రైవరు పక్కన, చేతులు రెండూ కొంగులో చుట్టేసుకుని, అవేవో పాములన్నట్టు ఒళ్ళో బిగబట్టుకుని కూచుంది. డ్రైవరే టవును ఆస్పత్రికి ఫోను చేసి అంబులెన్సుని కంపెనీ కాడికే రమ్మన్నాడు.

హైమవతి పిల్లని చూసింది, నూనె సంగతి వింది. ఫోనులో టవును ఆస్పత్రి పిల్లల డాక్టరు చెప్పినట్టు ముందు చల్లటి నీళ్ళ తొట్టెలో దింపించింది. రొప్పు కాస్త తగ్గింది. రిపేరు నించి తిరిగొచ్చిన గొట్టం పిల్ల వీపు మీద ఆనించింది.

సున్నా.

పొట్ట మీద పెట్టింది. సున్నా. నుదుటి మీదా సున్నా.

"మిషను చెడిపోయిందా అమ్మా?" అంది గంగారత్నం ఆశగా.

"లేదు. అప్పుడూ చెడిపోలేదు" అంది హైమవతి. మాట నెమ్మదిగా వచ్చింది. "బతికున్న చర్మం మీంచి ఎంతో కొంత తడి పోతూనే ఉంటుంది. సున్నా రాయికి వస్తుంది. లోపలి చెమట బయటికి రాలేకపోతోంది. తొట్టెలోంచి తీస్తే మళ్ళీ వేడెక్కిపోతుంది. అలాగని పసిపిల్లని చల్లటి నీళ్ళలో ఎంతోసేపు ఉంచలేం."

"మరి తీసెయ్యండి దాన్ని!" అంది గంగారత్నం.

"తియ్యాలంటే గోడ పగలగొట్టాలి. ఘాటు సబ్బు నీళ్ళతో రుద్దాలి. చర్మం మండుతుంది, రసి కారుతుంది. పసిపిల్ల..." ఆవిడ గుడ్డ ముంచి, పిల్ల వీపు దాకా తెచ్చి, మళ్ళీ నీళ్ళలోకే దించేసింది. ఫోనులో డాక్టరు, ఆగొద్దు, అంబులెన్సు వచ్చేదాకా ఆగితే అందదు, వీపు నించి మొదలుపెట్టండి అంటున్నాడు.

గంగారత్నం ఆ గుడ్డ లాగేసుకుంది. "మీ మందులు చాలు. మీరు ముట్టుకోకండి. అమ్మా, నువ్వూ రాకు. నా పిల్లని నేనే రుద్దుకుంటాను."

రుద్దింది. బుల్లీ, ఇక్కడ కాస్త ఆగి రాయి. అంత మెత్తటి ఒంటిని, కన్నతల్లి, చేతులారా గీరినట్టు రుద్దింది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు గుక్కపట్టింది. వీపు గులాబీ రంగైంది, తర్వాత ఎర్రబడింది. సబ్బు నురగ కూడా మొదట నిలవలేదు, జారిపోయింది. రుద్దగా రుద్దగా ఒకచోట పట్టుకుంది. అక్కణ్ణించి కొంచెం కొంచెంగా పాకింది. గంగారత్నం ఏడుస్తా రుద్దుతోంది, తిడతా రుద్దుతోంది. తల్లిని తిట్టింది, డాక్టరమ్మని తిట్టింది, రొయ్యల్ని తిట్టింది.

మరిడమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. చేతులు ఎనక్కి కట్టేసుకుని ఉంది. పిల్ల గుక్క తిప్పుకోలేక నీలమెక్కిపోతోంది. లోపలికి అడుగెయ్యలేదు, చూస్తా ఊరుకోలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు. శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు." రోజూ ఆఖరి చెంబుతో అనే మాటే. పిల్లకి ఆ గొంతు తెలుసు. ఆ మాట వస్తే స్నానం అయిపోయినట్టే అని తెలుసు. మొహం గుమ్మం వైపు తిప్పింది. గుక్క తిప్పుకుంది.

"అంటా ఉండు అమ్మా, ఆపకు" అంది గంగారత్నం.

ఎంతసేపందో ఎవరికీ తెలీదు. హైమవతే ముందు చూసింది. పిల్లని తొట్టెలోంచి తీసి, తుడిచి, కాసేపు ఒళ్ళో పెట్టుకుంటే, ఎర్రబడ్డ వీపు మీద ఆవగింజంత తడి. తుడిస్తే మళ్ళీ ఊరింది. చెమట! చదువుకున్న మనిషి, ఒక పసిపిల్ల చెమట చూసి నేల మీద కూలబడి ఏడ్చేసింది. అంబులెన్సు అప్పుడొచ్చింది.

పిల్ల బతికింది. తేలిగ్గా కాదులే. ఆస్పత్రిలో కొంచెం కొంచెంగా ఒళ్ళంతా ఒలిచారు. నెలల తరబడి పుండ్లు, కట్లు, రాత్రీ పగలూ దురద. హైమవతి ఆ రెండిళ్ళకీ పరిగెట్టింది. ఒక పిల్లాడికి వీపు మీద అరచేతి మేర పట్టుంది, తీసేశారు. రెండోవాడికి ఏం లేదు. పేటలో మరిడమ్మని చేతబడి చేసిందన్నారు, ఆవిడ వస్తంటే పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. హైమవతి తన మందంతా కాల్చేసి, తప్పు నాదని కంపెనీ పెద్దల ముందూ పేట ముందూ చెప్పింది. ఉజ్జోగం పోయింది. అయినా నెల నెలా ఇప్పటికీ వస్తది, మరిడమ్మ కోసం.

ఎందుకంటావా? పిల్ల తోలు నున్నన, పురుగు పైపైనే ఉండిపోయింది, ఒలిస్తే పోయింది. మరిడమ్మకి రాసినప్పుడు చేతులు బీటలు కదా. బీటల్లో పడి అడుక్కి దిగిపోయింది. ఒలిచారు, కాల్చారు, మందులు పోశారు. తోలు రాగానే అదీ వచ్చేసేది. ఆకలితో అలా పడుంటది, చావదు. ఒక్క నూనె చుక్క తగిలితే చాలు, లేస్తది. మరిడమ్మ గుడ్డ తొడుగులు లేకుండా ఉండదు. ఆవిడ కంచం వేరు, చెంబు వేరు. నిద్దట్లో చెయ్యి ఎవరి మీదైనా పడుతుందేమోనని ఎడంగా, గోడవైపు తిరిగి పడుకుంటది. ఇన్నేళ్ళైనా ఆవిడకి ఆ భయం పోలేదు. తన చేతులంటే తనకే భయం.

మాణిక్యానికి ఇప్పుడు ఏడేళ్ళు. మోచేతుల్లో, మోకాళ్ళ ఎనకాల ఇంకా ఎర్రగా గరుకు తేలుతానే ఉంటది. ఆస్పత్రి వాళ్ళిచ్చిన వాసనలేని లేపనం వాళ్ళమ్మ రోజూ రాస్తది. పిల్ల భయపడిపోద్దని గంగారత్నం దానికి ఈ సంగతులేవీ చెప్పలేదు, ఎవర్నీ చెప్పనివ్వలేదు. మొన్న అమ్మమ్మ కాడికొచ్చినప్పుడు ఒళ్ళో కూచోబోయింది. మరిడమ్మ గభాల్న లేచి అవతలికెళ్ళిపోయింది. పిల్ల అక్కడే నిలబడి, మోచేతులు గౌను చాటున దాచుకుని, "నా గజ్జి చూసి అమ్మమ్మకి అసయ్యం" అంది. మరిడమ్మ విని కూడా నోరు తెరవలేదు, కూతురికి మాటిచ్చింది గనక. తొడుగులు తడిసిపోయేలా ఏడ్చింది. నా ఎదురుగానే.

నేను గంగారత్నానికి చెప్పేను, పిల్లకి అమ్మమ్మంటే భయం పుడితే పుట్టనీ, ఆవిడకి తనంటే అసయ్యం అనుకుంటా పెరగకూడదని. సరే మావయ్యా అంది. అందుకే నీ చేత ఇదంతా రాయిస్తన్నాను.

నువ్వు ఆదివారం వాళ్ళింటికి ఎళ్ళినప్పుడు మాణిక్యాన్ని పక్కన కూచోబెట్టుకుని ఇది మొత్తం చదివి వినిపించమ్మా. రుద్దిన కాడ వదిలెయ్యకు, అక్కడా చదువు. చదివినంతసేపూ దాని చెయ్యి పట్టుకునే ఉండు. నీ చేతులతో ఏ భయం లేదు.